చదవకుండా పెట్టిన సంతకం

మా మామయ్య చూడని నేరం ఈ ఊళ్ళో లేదు. ఎవడి జేబులో కత్తి దొరికినా, ఎవడి గోడౌన్‌లో సారా సీసాలు బయటపడినా, ఎవడు కిటికీ ఊచలు వంచి లోపలికి దూరినా మామయ్య అక్కడ నిలబడి కళ్ళారా చూశాడు. ఒకే పూట ఊరికి ఆ చివర దొంగ బంగారం, ఈ చివర దొంగ బండి పట్టుబడితే రెండు చోట్లా ఆయనే ఉన్నాడు. కాగితాల ప్రకారం సంగతి ఇది. మనిషి మాత్రం పొద్దున షాపు తెరిచింది మొదలు సాయంత్రం మూసేదాకా సైకిల్ ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూసుకుంటూ కూర్చుంటాడు.

ఆయన షాపు పోలీస్ స్టేషన్ వెనక సందులో, స్టేషన్ ప్రహరీగోడకు ఆనుకుని ఉంది. అదే ఆయన అదృష్టమూ, మా ఖర్మానూ. పోలీసులు ఏదైనా సొత్తు పట్టుకుంటే, అది ఫలానా చోట మా ముందే దొరికిందని ఇద్దరు బయటివాళ్ళు సంతకాలు పెట్టాలి. ఆ కాగితాన్ని పంచనామా అంటారు. దొరికిన చోటికి నిజంగా ఇద్దరిని వెంటబెట్టుకు వెళ్ళే ఓపిక ఎవడికుంది? కానిస్టేబుల్ గోడ మీంచి "సాక్షీ" అని కేకేస్తాడు. మామయ్య చేతుల గ్రీజు గుడ్డకు తుడుచుకుని వెళ్తాడు. బెంచీ మీద కూర్చుంటాడు. వాళ్ళు రాయడం అయ్యాక, వేలుపెట్టి చూపించిన చోట సంతకం చేసి వచ్చేస్తాడు. అలా చేసీ చేసీ ఆయన అసలు పేరు ఊరు మర్చిపోయింది. పిల్లలు కూడా సాక్షి తాతా అనే పిలుస్తారు.

దానివల్ల ఆయనకు ఒరిగేదేమిటంటే, సందులోకి జరిగిన ఆయన రేకుల షెడ్డును ఎవరూ వెనక్కి జరపమనరు. అంతకంటే ఎక్కువగా, పోలీసులు తనని పేరుపెట్టి, అంటే ఆ మారుపేరు పెట్టి పిలుస్తారన్న గొప్ప. కోర్టుకు వెళ్ళాల్సిన రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని పెళ్ళికొడుకులా బయల్దేరేవాడు. ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు బోనులో ఎలా నిలబడాలో మాకు పాఠం చెప్పేవాడు. తొందరపడకూడదు, అడిగినదానికే చెప్పాలి, వకీలు వైపు కాకుండా జడ్జిగారి వైపు తిరిగి చెప్పాలి. మా తమ్ముడు వకీలు వేషం కట్టి ఆయన్ని అడ్డమైన ప్రశ్నలూ అడిగేవాడు. ఆయన తొణక్కుండా బొంకేవాడు. మేం పడీ పడీ నవ్వేవాళ్ళం.

నాది కళ్ళజోళ్ళ షాపు. అమ్మ పోయాక మా ఇద్దర్నీ చేరదీసి పెంచింది మామయ్యే, ఈ పనిలో పెట్టిందీ ఆయనే. ఊరందరి కళ్ళూ చూసే నేను, ఆయన కళ్ళు మాత్రం బాగుచేయలేకపోయాను. దగ్గర అక్షరాలు ఆయనకు ఆనడం మానేసి చాలా కాలమైంది. జోడు చేసిస్తాను రమ్మంటే, "నాకు చదివే పనేముందే? ఎక్కడ పెట్టాలో వాళ్ళే వేలుపెట్టి చూపిస్తారుగా" అనేవాడు.

మా తమ్ముడు కరెంటాఫీసులో లైన్‌మన్. నాతోనే, షాపు పైన గదుల్లో ఉండేవాడు. వాడి చేతుల గురించి చెప్పాలి. పెద్ద చేతులు, అరచేతుల నిండా కాయలు. ఆ చేతులతోనే నా షాపులో చీమ తలంత మరలు తీసి బిగించేవాడు. జోళ్ళు బాగుచేయడంలో నాకంటే వాడే నయమని నా ఖాతాదార్లు నా ముఖం మీదే అనేవాళ్ళు.

ఆ రోజు మైదానంలో మంత్రిగారి సభ. మైకులకూ దీపాలకూ ఆఫీసు నుంచి లైను అడిగి తీసుకోవచ్చు. కానీ మంత్రి మనుషులు అడగడమేమిటి? పక్క వీధి తీగల మీదికి కొక్కేలు విసిరి కరెంటు లాగేసుకున్నారు. ఆ వైరు పిల్లల ఆస్పత్రి ముందున్న టార్పాలిన్ పందిరి మీదుగా పోయింది. పందిరి కింద జబ్బు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని తల్లులు కూర్చున్నారు. వైరు వేడెక్కి, పైన తొడుగు కరిగి, టార్పాలిన్ నుంచి పొగ లేవడం మొదలైంది. ఎవరో ఆఫీసుకు ఫోన్ చేశారు. డ్యూటీలో ఉన్నది తమ్ముడు. వాడు వచ్చి మంత్రి మనుషులకు చెప్పాడు. ప్రసంగం అయ్యేదాకా ముట్టుకుంటే చంపుతామన్నారు. వాడు మారు మాట్లాడకుండా స్తంభం ఎక్కి తీగ కత్తిరించాడు.

సరిగ్గా అప్పుడు మంత్రి, తాను బతికుండగా ఈ ఊళ్ళో ఒక్క దీపం కూడా ఆరనివ్వనని అంటున్నాడు. దీపాలన్నీ ఆరిపోయాయి. మైకు మూగబోయింది. వేదిక మీద ఆయన నోరు తెరుస్తూ మూస్తూ, చెయ్యి ఊపుతూ కాసేపు అలాగే ఉన్నాడు, ఏమైందో అర్థం కాక. ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత మైదానమంతా నవ్వింది. చప్పట్లు కొట్టడానికి లారీల్లో తోలుకొచ్చిన జనం కూడా కడుపులు పట్టుకుని నవ్వారు. తీగ కత్తిరించినందుకు మంత్రికి అంత కోపం రాలేదని నా నమ్మకం. ఆ నవ్వే ఆయన్ని కాల్చింది.

మర్నాడు పొద్దున వాడు ముఖం కడుక్కుంటుండగా జీపు వచ్చింది. దాన్ని పంపిన ఇన్‌స్పెక్టర్ మంత్రి ఏరికోరి తెప్పించుకున్న మనిషి, ఊరికి కొత్త; తను రాలేదు, కానిస్టేబుళ్ళే వచ్చారు. వాణ్ణి తువ్వాలుతోనే ఎక్కించుకుపోయారు. నేను వెనకే పరుగెత్తుకుంటూ వెళ్ళి స్టేషన్ ముందు గేటు దగ్గర పడిగాపులు పడ్డాను. లోపలికి వెళ్ళి అడిగితే అలాంటివాణ్ణెవర్నీ తేలేదన్నారు. వాడి చెప్పులు లేని అడుగులు వరండాలో తడిగా కనబడుతూనే ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ బయటికొచ్చినప్పుడు అడ్డం వెళ్ళి దణ్ణం పెట్టాను. ఆయన నా తలమీదుగా ఎటో చూస్తూ, ఇంటికి పొమ్మన్నాడు. మామయ్యకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ మళ్ళీ చేశాను. వాళ్ళందరూ ఆయనకు తెలుసు కదా, ఒక్క మాట చెప్తే వింటారు కదా అని నా ఆశ. వెనక సందులో ఆయన షాపుకు వెళ్దామంటే, ఈలోపు వాణ్ణి ఎటు తీసుకుపోతారోనని గేటు వదల్లేకపోయాను. చివరికి ఆడపోలీసు వచ్చి నన్ను రోడ్డు దాకా నెట్టుకొచ్చింది.

సాయంత్రానికి తమ్ముడు పెద్దాస్పత్రిలో ఉన్నాడని కబురొచ్చింది. రెండు చేతులూ మోచేతుల దాకా కట్లు. బల్ల మీద అరచేతులు ఆనించమని, ఇద్దరు పట్టుకుని, కర్రతో ఒక్కో వేలూ చితక్కొట్టారు. "ఈ చేతులేనా తీగ కోసింది" అని అడుగుతూ కొట్టారట. స్తంభం మీంచి పడ్డాడని డాక్టరు చేత రాయించారు. స్తంభాలెక్కేవాడు కాబట్టి అతికినట్టే ఉంటుంది. మంచం పక్కన వేరే స్టేషన్ నుంచి తెచ్చిన కానిస్టేబుల్ కాపలా. ఆఫీసు రాగి తీగ దొంగిలించి ఇంట్లో దాచాడని కేసు. ఇంట్లో అంటే నా ఇంట్లో, నా షాపు పైన. ఆ ఇంట్లో రాగిది ఏదైనా ఉంటే మా అమ్మ వాడిన చెంబు ఒక్కటే.

మామయ్య ఆస్పత్రికి వచ్చి వాడి కట్లు చూసి గోడకు తల బాదుకుని ఏడ్చాడు. స్టేషన్‌లో అందర్నీ కడిగేస్తానన్నాడు. నేనే ఆపాను, ఆయన్ని కూడా లోపల వేస్తారేమోనన్న భయంతో. వాడికి బెయిలొచ్చింది. ఉద్యోగం నుంచి తాత్కాలికంగా పక్కన పెట్టారు. కేసులో శిక్ష పడితే ఆ ఉద్యోగం ఇక రాదు. చేతులు పోయినవాడికి కుర్చీలో కూర్చునే పనైనా ఇవ్వాలంటే, దొంగ అన్న మచ్చ పోవాలి. నాకు రాత్రీ పగలూ అదే ధ్యాస. దానితో పాటు ఇంకోటి కూడా ఉంది, దాచడమెందుకు. వాణ్ణి కొట్టినవాడు మట్టి కరవాలి. కొట్టించినవాడు కూడా.

కోర్టు నుంచి కేసు కాగితాల నకళ్ళు వచ్చిన రోజు మా వకీలమ్మ నన్ను తన గదికి పిలిచింది. నెమ్మది మనిషి, గొంతు పెంచడం ఎరగదు. రాగి తీగ పంచనామా నా ముందుకు జరిపి, ఈ సాక్షుల్లో ఎవరైనా తెలుసా అని అడిగింది. ఒక సంతకం గోడకు అటువైపు తాళాలు బాగుచేసే అతనిది. ఈ కేసు సంగతి తెలిసి అతను అప్పటికే అత్తవారి ఊరికి ఉడాయించాడు. రెండో సంతకం చూశాను. ఆఖరి అక్షరానికి తోక సైకిల్ చైనులా వేలాడుతుంది. నా స్కూలు ప్రోగ్రెస్ కార్డుల మీద ప్రతి నెలా ఉన్న సంతకం అది.

ఆ కాగితం పట్టుకుని సందులోకి ఎలా వెళ్ళానో నాకు తెలీదు. మామయ్య చక్రానికి ఊచలు బిగిస్తున్నాడు. కాగితం ఆయన ముఖం మీద పెట్టాను. ఆయన దాన్ని చెయ్యి చాచినంత దూరం పెట్టి, ఇంకా వెనక్కి వంగి, ఏంటే ఇది అన్నాడు. నా సంచిలో ఖాతాదారుకు ఇవ్వాల్సిన దగ్గర చూపు జోడు ఒకటుంది. తీసి ఆయన ముక్కు మీద తగిలించి చదవమన్నాను. ఆయన పెదాలు కదిలిస్తూ చదివాడు. ముద్దాయి పేరు దగ్గర ఆగాడు. మళ్ళీ మొదటికొచ్చి చదివాడు. చక్రం చేతిలోంచి జారి సందులోకి దొర్లుకుంటూ పోయింది.

"ఆ రోజు పిలిచారు" అన్నాడు. "ఫోన్ ఇక్కడే వదిలేసి వెళ్ళా. వెనక వరండాలో బెంచీ మీద కూర్చోమన్నారు, కాగితం ఇంకా అవలేదని. లోపలి గదిలోంచి అరుపులు. ఎవడో దొంగ అనుకున్నా. రోజూ ఉండేదేగా. ఇంతలో ఇన్‌స్పెక్టర్ ఫోన్ పట్టుకుని బయటికొచ్చాడు. ఫోన్‌ను ఆ తలుపు దగ్గర పెట్టి, 'వినపడుతోందా సార్' అన్నాడు. స్పీకర్ పెట్టి ఉంది. అవతల మంత్రి. ఆ గొంతు మైకుల్లో ఎన్నిసార్లు వినలేదు నేను? 'ఇంకాస్త దగ్గరగా పెట్టవయ్యా' అన్నాడు."

 ఆయన జోడు తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"నా ముందే అన్నాడే. నేనక్కడ కూర్చునుంటే. బెంచీకీ నాకూ తేడా లేదు వాళ్ళకి. షాపులో పని ఉందని తొందర పడుతున్నా నేను. సంతకం పెట్టి వచ్చేశా. వాడే అరుస్తుంటే, అమ్మా అని అరుస్తుంటే... చిన్నప్పట్నుంచీ ఎత్తుకు తిప్పినవాణ్ణి, ఆ గొంతు నేను పోల్చుకోలేదే."

ఆ క్షణాన అక్కడున్న గాలి పంపుతో ఆయన నెత్తి పగలగొట్టాలనిపించింది. ఆయన ఏడుపు చూసి నాకు జాలి కలగలేదు. ఇన్నేళ్ళూ ఆ బెంచీ మీద కూర్చుని ఆయన విన్న అరుపులన్నీ ఎవరో ఒకరి తమ్ముళ్ళవే కదా. మేం నవ్వుకున్న ప్రతి ఆదివారమూ ఎవరో ఒకరు ఆయన సంతకం మీద జైల్లో ఉన్నారు. ఆయన లేచి, గోడ అవతలికి వెళ్ళి ఇన్‌స్పెక్టర్ కాలర్ పట్టుకుంటానన్నాడు. ఆయన భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాను. అప్పుడే నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది.

వాళ్ళు ఆయన అసలు పేరు రాసుకున్నారు గానీ ఎవరికి ఏమవుతాడో ఎన్నడూ అడగలేదు. ఆయన చదవకుండా సంతకం పెడతాడు, వాళ్ళు చూడకుండా పెట్టించుకుంటారు. అంతగా అలవాటుపడి, మేనల్లుడి మీద దొంగ కేసుకు మేనమామనే సాక్షిగా తెచ్చుకున్నారు. ఈ సంగతి వకీలమ్మకు చెబితే ఆమె కుర్చీలో వెనక్కి వాలి, మొదటిసారి నవ్వింది. వెంటనే హెచ్చరించింది కూడా. ఒక్క ముక్క పొక్కినా, ఈ సాక్షి ఊరొదిలి పోయాడని రాసి ఇంకొకణ్ణి నిలబెడతారు. బోనెక్కేదాకా ఆయన వాళ్ళ మనిషిగానే ఉండాలి.

అలా మొదలైంది మామయ్య శిక్ష. కోర్టు వాయిదాల మీద వాయిదాలు వేసింది. ఆయన రోజూ షాపు తెరవాలి, పోలీసుల బళ్ళకు గాలి కొట్టాలి, గోడ మీంచి కేక వస్తే వెళ్ళాలి. కళ్ళు మండుతున్నాయనో, చెయ్యి బెణికిందనో చెప్పి సంతకాలు మాత్రం తప్పించుకునేవాడు. ఒకరోజు ఇన్‌స్పెక్టర్ తన బండి టైరు మార్పించుకుంటూ ఆయన వీపు తట్టి, నీలాంటివాళ్ళే మాకు అండ అన్నాడట. ఆ సాయంత్రం నా షాపుకు వచ్చి, ఇక నా వల్ల కాదన్నాడు. అన్నం సయించడం లేదట.

"తమ్ముడికి నేను కలిపి పెడుతున్నా మామయ్యా, చిన్నపిల్లాడికి పెట్టినట్టు. నీకు సయించకపోతే ఏం?" అన్నాను. "నవ్వు. ఇన్నేళ్ళూ వాళ్ళ ముందు ఎలా నవ్వావో అలాగే నవ్వు."

ఆయన లేచి వెళ్ళాడు. ఆ వారం ఆయన కళ్ళు పరీక్ష చేసి, గట్టి నల్ల ఫ్రేముతో జోడు చేసిచ్చాను. అది కోర్టు రోజు దాకా జేబులోనే ఉండాలని చెప్పాను.

వాయిదా దగ్గర పడుతుండగా, ఒక మధ్యాహ్నం షాపు తలుపు తోసుకుని ఇన్‌స్పెక్టర్ లోపలికొచ్చాడు. మామూలు బట్టల్లో ఉన్నాడు.  అంతా తెలిసిపోయిందనుకున్నాను. ఆయన కుర్చీలో కూర్చుని, దూరంవి మసగ్గా ఉంటున్నాయమ్మా, చూడు అన్నాడు. నా ముఖంలోకి సూటిగా చూస్తూనే అన్నాడు. తన కాళ్ళకు అడ్డం పడి దణ్ణం పెట్టిన ముఖం ఇదేనని, కాగితం మీద తప్ప తాను ఎన్నడూ సోదా చేయని ఇల్లు ఈ షాపు పైనే ఉందని ఆయనకు ఏ మూలా తట్టలేదు. ఆ రోజు చూస్తే కదా ఈ రోజు గుర్తుండడానికి.

గడ్డం ఆ పట్టీ మీద పెట్టమన్నాను. పెట్టాడు. నుదురు ఆనించమన్నాను. ఆనించాడు. కదలొద్దన్నాను. చెప్పినట్టు విన్నాడు. అరచేతుల్ని మోకాళ్ళ మీద బుద్ధిగా ఆనించుకుని కూర్చున్నాడు. ఆ చేతుల వైపే చూశాను. పైన మా తమ్ముడు గ్లాసు పట్టుకోవడం నేర్చుకుంటున్నాడు. జారి పగిలిన చప్పుడైంది. ఏంటది అన్నాడు ఇన్‌స్పెక్టర్. పిల్లి అన్నాను. నా చేతిలో ఉన్నది ఆయన చూపు. కొంచెం అటూ ఇటూ చేసిచ్చినా నెలల తరబడి తలనొప్పితో చస్తాడు. చెయ్యబుద్ధి కాలేదు. నా జన్మలో అంత శ్రద్ధగా ఎవరి కళ్ళూ చూడలేదు. కోర్టు హాల్లో వెనక వరసలోంచి బోను దాకా ఎంత దూరముంటుందో నేను ముందే వెళ్ళి చూసొచ్చాను. అంత దూరంలో ఉన్న మనిషి ముఖంలో ప్రతి ముడతా వాడికి కనబడాలి. నెంబరు తేల్చాక ఫ్రేమెంత అని అడిగాడు. పోలీసుల దగ్గర తీసుకోనన్నాను. మంచిదానివమ్మా అన్నాడు.

కోర్టు రోజు మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఇన్‌స్పెక్టర్ వెనక వరసలో, నా జోడు పెట్టుకుని నిలబడ్డాడు. తమ్ముడు ముద్దాయి చోట, చొక్కా చేతులు కిందికి దించుకుని ఉన్నాడు. వాడికి గుండీలు పెట్టింది నేను.

ప్రభుత్వ వకీలు అలవాటు ప్రకారం మొదలుపెట్టాడు. ఈ సంతకం మీదేనా అంటే నాదేనండి అన్నాడు మామయ్య. ముద్దాయి ఇంట్లో రాగి తీగ మీ ముందే దొరికిందా అని అడిగాడు. మామయ్య జేబులోంచి నల్ల ఫ్రేము తీసి, నిదానంగా చెవులకు తగిలించుకుని, జడ్జిగారి వైపు తిరిగాడు.

"లేదండి. నేనా ఇంటికి ఆ రోజు వెళ్ళలేదండి. కానీ ఆ ఇల్లు నాకు బాగా తెలుసు. ప్రతి ఆదివారం అక్కడే భోంచేస్తా. ముద్దాయి నా చెల్లెలి కొడుకండి."

 ప్రభుత్వ వకీలు వెనక్కి తిరిగి ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. ఇన్‌స్పెక్టర్ తమ్ముడి వైపు, మామయ్య వైపు, చివరికి నా వైపు చూశాడు. ఈసారి చూశాడు. జోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని మరీ చూశాడు. నేను తల ఊపాను, షాపుకు వచ్చినవాళ్ళను పలకరించినట్టు. ఆ ముఖంలో నెత్తురు ఇంకిపోవడం చూసి నాకు కలిగిన సంతోషం మంచిది కాదంటారేమో. అననీండి. అంత తియ్యటి ముద్ద నేను మళ్ళీ తినలేదు.

ఈ సాక్షి ఎదురు తిరిగాడు, వదిలేద్దామన్నాడు ప్రభుత్వ వకీలు. మా వకీలమ్మ లేచి నిలబడి, ఆ రోజు స్టేషన్‌లో ఏం విన్నారో చెప్పండి అంది. మామయ్య చెప్పాడు. పోలీసులే ఇన్నేళ్ళూ నేర్పిన పద్ధతిలో చెప్పాడు. తొందర లేదు, తడబాటు లేదు, అడిగినదాన్ని దాటి ఒక్క ముక్క లేదు. ఎటువైపు నుంచి గుచ్చి అడిగినా మాట మారలేదు. అబద్ధం చెప్పడానికి వాళ్ళు సానబెట్టిన సాక్షి, ఆ సానంతా వాళ్ళ మీదే వాడాడు. జడ్జిగారు కలం ఆపి, మీరు తప్పుడు సంతకం పెట్టానని ఒప్పుకుంటున్నారు, దానికి మీ మీదా కేసు అవుతుంది, తెలుసా అని అడిగారు.

"తెలుసండి. ఇదొక్కటే కాదు. ఇప్పటిదాకా పెట్టినవేవీ చదవలేదు. అవీ రాసుకోండి."

మామయ్య చెప్పిన ఆ ఫోన్ మాటలతో సహా, తర్వాతివన్నీ పేపర్లలో వచ్చాయి. ఆ రోజు ఆ వేళకు ఇన్‌స్పెక్టర్ ఫోన్ నుంచి మంత్రి ఫోన్‌కు కాల్ వెళ్ళినట్టు కంపెనీ వాళ్ళ లెక్కల్లో తేలింది. ఎక్స్‌రేలు చూసిన పెద్ద డాక్టర్లు, స్తంభం మీంచి పడితే వేళ్ళు ఒక్కొక్కటిగా విరగవన్నారు. తమ్ముడి మీద కేసు కొట్టేశారు. మంత్రి టీవీలో, ఆ ఇన్‌స్పెక్టర్ ఎవరో తనకు తెలియదన్నాడు. అది విన్న ఇన్‌స్పెక్టర్‌కు ఒళ్ళు మండి, పెద్దాయన ఏ రోజు ఎవరి గురించి ఏం చెప్పాడో మొత్తం కక్కేశాడు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు పీక్కుతినడం మొదలుపెట్టాక మాకు పెద్దగా పని లేకపోయింది. ఇన్‌స్పెక్టర్‌ను అరెస్టు చేయడానికి పై ఊరి అధికారులు వచ్చిన రోజు, ఆ కాగితం మీద ఇద్దరు స్థానికుల సంతకాలు కావలసి వచ్చాయి. పోలీసు మాట వినబడితే షట్టర్లు దించేసే మా బజారు మొత్తం, మేం పెడతాం మేం పెడతామని వరసలో నిలబడింది. పాల బూత్ ఆయనా, స్టేషనరీ షాపామె ముందుకొచ్చారు. చదవకుండా పెట్టేది లేదన్నారు. స్టేషనరీ షాపామె పైకి, తాపీగా, కామాల దగ్గర ఆగుతూ చదివింది. అంతసేపూ ఇన్‌స్పెక్టర్ ఎండలో నిలబడి విన్నాడు. నేను షాపు మూసి మరీ వెళ్ళి చూశాను.

మామయ్య శిక్ష అనుభవించి వచ్చాడు. ఆదివారాలు మళ్ళీ భోజనానికి వస్తున్నాడు. వడ్డిస్తాను. క్షమించానా అంటే లేదు. ఆయనా అడగలేదు. పాత కేసుల్లో ఎవరెవరు ఇంకా లోపలున్నారో వకీలమ్మ దగ్గర కూర్చుని, జోడు పెట్టుకుని, ఒక్కో కాగితమూ చదివి చెబుతున్నాడు. తమ్ముడికి ఆఫీసులో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తే పనిచ్చారు. వాడు స్తంభం ఎక్కలేడు. మర బిగించలేడు. నా షాపుకు వచ్చేవాళ్ళు ఇప్పటికీ వాడి గురించి అడుగుతుంటారు, నేను లోపలికి వెళ్ళిపోతాను.

మంత్రి పదవి ఊడింది గానీ మనిషి ఊడలేదు. ఎన్నికలొచ్చాయి, మళ్ళీ అదే మైదానంలో సభ పెట్టాడు. తమ్ముడు వెళ్దామన్నాడు. నేను వద్దనలేదు. మామయ్య కూడా వచ్చాడు. ముందు వరసల్లోకి తోసుకుంటూ వెళ్ళి నిలబడ్డాం. ఈసారి కరెంటు లైను పద్ధతి ప్రకారం ఆఫీసు నుంచే తీసుకున్నారు. మైకులు ఖంగుమంటున్నాయి. మంత్రి వచ్చి, మైకును వేలితో తట్టి, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ, "అందరికీ వినపడుతోందా?" అన్నాడు.

అన్నాక తనకే గుర్తొచ్చింది. మాటను వెనక్కి మింగబోయినట్టు గొంతు కదలడం కింద నుంచి నాకు కనిపించింది.  ఈసారి ఎవరూ నవ్వలేదు.

మా తమ్ముడు చెయ్యి పైకెత్తాడు. వంకర్లు పోయిన వేళ్ళు, పూర్తిగా తెరుచుకోని అరచెయ్యి.

"ఇంకాస్త దగ్గరగా పెట్టండి సార్" అన్నాడు.

పక్కన ఎవరో అదే మాట అన్నారు. ఆ వెనక ఇంకెవరో. అరుపుల్లేకుండా, మామూలు గొంతులతో, ఒకరి తర్వాత ఒకరు, ఆస్పత్రి గోడ దాకా అదే మాట పాకింది. మైకు బాగానే పనిచేస్తోంది. మంత్రి దాన్ని రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడ్డాడు.